స్నోషూలు: కొనాలా, అద్దెకు తీసుకోవాలా, వెదురుతో కట్టుకోవాలా?

దసరా దాటి చలి మొదలయ్యేసరికి హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు ట్రెక్కింగ్ పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, డిసెంబర్ల కేదార్‌కాంత పోతున్నం. స్నోషూలు కొనాల్నా?" స్నోషూ అంటే లోతు మంచులో కాలు దిగబడకుండా బూటు కింద కట్టుకునే వెడల్పాటి తొడుగు. కేదార్‌కాంత ఉత్తరాఖండ్‌లోని ఒక మంచుకొండ. అమెరికాలో ఎం.ఎస్. చదువుతున్న మన పిల్లలూ ఇదే అడుగుతారు. కాకపోతే వాళ్లకు మంచు గది బయటే ఉంటుంది. వీళ్లిద్దరికీ ఒకే జవాబు సరిపోదు కాబట్టి ఎక్కడ పైసలు పెట్టాలో, ఎక్కడ పెట్టొద్దో కాస్త వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మన దగ్గరి నుంచి హిమాలయాల్లో పేరున్న శీతాకాలపు ట్రెక్‌లకు వెళ్లేవాళ్లలో చాలామందికి స్నోషూలు అక్కర్లేదు. ఆ డబ్బు మంచి బూట్ల మీద పెట్టాలి. నిజంగా అవసరమైనవాళ్లు మొదటిసారి అద్దెకే తీసుకోవాలి. కొనడం గురించి రెండో సీజన్‌లో ఆలోచించొచ్చు. సొంతంగా కట్టుకోవడం అన్నిటికన్నా చవక, నేర్చుకోవడానికి బాగుంటుంది కూడా. కానీ చేతితో కట్టినవి చదును నేల మీదే వాడాలి, ఏటవాలు మీద వాటిని నమ్ముకోవద్దు.

మునుగుతామా, జారుతామా?

మంచులో నడిచేవాళ్లకు రెండు వేర్వేరు కష్టాలుంటాయి. ఒకటి కాలు లోపలికి దిగబడిపోవడం. రెండోది పైన జారిపోవడం. ఈ రెండింటికీ వాడే సామాను వేరు. దీన్ని కలిపేసుకోవడం వల్లనే చాలామంది అనవసరమైన వస్తువు కొంటున్నారు.

దిగబడటం సంగతి మన రైతులకు చెప్పక్కర్లేదు. నాట్లకు దున్ని నీళ్లు పెట్టిన మడిలో ఉత్త కాలు పెడితే పిక్క దాకా దిగుతుంది, అక్కడే వెడల్పాటి పలక వేసి నిలబడితే దిగదు. స్నోషూ చేసే పని కూడా అంతే, బరువును ఎక్కువ జాగా మీద పరుస్తుంది. లెక్క చూడండి. 70 కిలోల మనిషి, వీపున సంచి, ఒంటిమీద చలిబట్టలు కలిపి 80 కిలోలు అనుకుందాం. నడిచేటప్పుడు ఆ బరువంతా ఒక్కో అడుగులో ఒక్క కాలి మీదే పడుతుంది. బూటు అడుగు దాదాపు 280 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి చదరపు సెంటీమీటరుకు 290 గ్రాముల దాకా భారం. 8 అంగుళాల వెడల్పు, 25 అంగుళాల పొడవున్న స్నోషూ గుండ్రటి మూలలు తీసేస్తే సుమారు 1,100 చదరపు సెంటీమీటర్లు. అప్పుడు భారం 73 గ్రాములకు పడిపోతుంది, అంటే నాలుగో వంతు. అయినా పూర్తిగా పైన తేలుతారని అనుకోవద్దు. కొత్త మంచులో స్నోషూతో కూడా బెత్తెడు, ఒక్కోసారి జానెడు దిగుతుంది. మోకాలు దాకా దిగేది జానెడుకు తగ్గడమే లాభం.

మంచు కూడా అన్ని రోజులూ ఒకేలా ఉండదు. అప్పుడే రాలిన పొడి మంచు ఘనపు మీటరుకు 50 నుంచి 100 కిలోలే ఉంటుంది. కొన్ని వారాలు అణిగాక అదే మంచు 300 కిలోలు దాటుతుంది. అందుకే ఒకే దారిలో ఒక వారం స్నోషూ లేకుండా కదలలేరు, ఇంకో వారం మామూలు బూట్లతో నడిచిపోతారు. వందల మంది తొక్కిన బాట అయితే ఇంకా గట్టిపడుతుంది. ఎండకు కరిగి రాత్రికి గడ్డకట్టి గాజులా తయారవుతుంది. అక్కడ దిగబడే సమస్యే లేదు, సమస్యంతా జారడమే. దానికి కావలసింది మైక్రోస్పైక్స్, అంటే బూటు కింద రబ్బరు పట్టీతో బిగించుకునే స్టీలు పళ్ల గొలుసులు. గుప్పిట్లో పట్టేంత చిన్నవి, ధరలోనూ స్నోషూల దరిదాపుల్లోకి రావు.

నేను చెప్పే కొలత ఇది. చీలమండ దాకా దిగితే బూట్లు, గెయిటర్లు చాలు. గెయిటర్ అంటే బూటులోకి మంచు పడకుండా పిక్కకు చుట్టే తొడుగు. పిక్క సగం దాటి దిగుతుంటే స్నోషూ ఉపయోగం మొదలవుతుంది. మోకాలు దాకా దిగుతుంటే, అది లేకుండా ముందుకు పోవడం ఒంట్లోని శక్తినంతా ఊడ్చేస్తుంది. అలాంటప్పుడు వెనక్కి తిరగడమే మేలు.

మీరు వెళ్లే చోటును బట్టి

కేదార్‌కాంత ఎత్తు సుమారు 3,800 మీటర్లు. ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లా సాంక్రి నుంచి మొదలవుతుంది. మనవాళ్లు కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ చేరి, అక్కడి నుంచి డెహ్రాడూన్ మీదుగా పోతారు. డెహ్రాడూన్ నుంచి సాంక్రికి కొండ రోడ్డు మీద ఒక పగలంతా పడుతుంది. శీతాకాలంలో ఈ బాట మీద జనం ఎక్కువ కాబట్టి మంచు తొక్కి తొక్కి గట్టిపడి ఉంటుంది. శిఖరానికి వెళ్లేది తెల్లవారుజామున, మంచు గడ్డకట్టి ఉండే వేళ. కాబట్టి స్పైక్స్ కావాలి, స్నోషూలు కాదు. లోహాజంగ్ నుంచి వెళ్లే బ్రహ్మతాల్‌కూ, జోషిమఠ్ వైపు నుంచి వెళ్లే కువారీ పాస్‌కూ మామూలు రోజుల్లో ఇదే మాట వర్తిస్తుంది. ట్రెక్ నిర్వాహకులు చాలామంది స్పైక్స్, గెయిటర్లు వాళ్లే ఇస్తారు. డబ్బు కట్టే ముందు ఈ ఒక్క విషయం ఫోన్‌లో అడిగి తెలుసుకోండి. అక్కడి ఊళ్లలోని అద్దె షాపుల్లో ముఖ్యంగా దొరికేవి బూట్లు, స్పైక్స్, గెయిటర్లు, కర్రలు. స్నోషూలు ఎలాగూ దొరుకుతాయిలే అని బయలుదేరొద్దు.

గుల్మార్గ్ సంగతి వేరు. అది 2,650 మీటర్ల ఎత్తులో ఉన్నా పడమటి నుంచి వచ్చే తుఫానుల దారిలో ఉండటం వల్ల మంచు బాగా పడుతుంది. డిసెంబర్ 21న మొదలయ్యే 40 రోజుల గట్టి చలికాలాన్ని కశ్మీరీలు చిల్లై కలాన్ అంటారు. ఆ రోజుల్లోనూ, ఆ తర్వాత ఫిబ్రవరిలోనూ బాట వదిలి దేవదారు, పైన్ చెట్ల మధ్యకు నాలుగడుగులు వేస్తే నడుము దాకా దిగే చోట్లు ఉంటాయి. స్కీయింగ్ ఊరు కాబట్టి అక్కడ స్నోషూలు కూడా అద్దెకిస్తారు, వాటితో నడిపించే గైడ్‌లూ ఉంటారు. మన దేశంలో స్నోషూ నడక అంటే ఏమిటో తెలుసుకోవాలనుకునే కొత్తవాళ్లకు నేను చెప్పే చోటు ఇదే. వరిగడ్డితో అల్లిన పుల్హోర్ అనే చెప్పులతో కశ్మీరు పల్లెల్లో ఒకప్పుడు మంచు మీద జారకుండా నడిచేవాళ్లు. వరి పండించే మన ప్రాంతంవాళ్లు అక్కడికి వెళ్తే వాటి గురించి తప్పకుండా అడిగి చూడాలి.

అమెరికాలో ఉన్నవాళ్ల లెక్క పూర్తిగా మారిపోతుంది. మిషిగన్ ఉత్తరాన హౌటన్ లాంటి యూనివర్సిటీ ఊళ్లలో ఏటా 200 అంగుళాల మంచు మామూలే. హౌటన్ ఉన్న కివీనా ప్రాంతంలో 1978-79 శీతాకాలంలో 390 అంగుళాలు పడింది, ఇప్పటికీ అక్కడ దాన్ని రికార్డుగా చెప్పుకుంటారు. ఏడాదిలో నాలుగైదు నెలలు వాడుకునే అవకాశం ఉంటే సొంత జత కొనడంలో అర్థముంది.

అద్దె

స్నోషూ అద్దె అమెరికాలో బయటి షాపుల్లో రోజుకు 20 డాలర్లకు అటూ ఇటూ ఉంటుంది. విద్యార్థులకు అంతకన్నా మంచి దారి ఉంది. మంచు పడే చోట్ల చాలా యూనివర్సిటీల్లో అవుట్‌డోర్ సామాను అద్దెకిచ్చే విభాగం ఉంటుంది, విద్యార్థి కార్డు చూపిస్తే నామమాత్రపు డబ్బుకే ఇస్తారు. మిన్నెసోటాలో కొన్ని స్టేట్ పార్కులు అద్దెకిస్తాయి. ఉత్తర రాష్ట్రాల్లో కొన్ని ఊళ్ల పబ్లిక్ లైబ్రరీలు పుస్తకాల్లాగే స్నోషూలు కూడా ఉచితంగా ఇస్తాయి. కాబట్టి ముందు లైబ్రరీకి వెళ్లి అడగండి.

అద్దె మంచిదని అనడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. కాలికి ఏ రకం పట్టీ నప్పుతుందో, ఎంత సైజు చాలో ఒక రోజు నడిస్తేనే తెలుస్తుంది. రెండు మూడు రకాలు అద్దెకు తీసుకుని నడిచినవాళ్లు కొనేటప్పుడు పొరపాటు చేయరు.

కొనేటప్పుడు

మార్కెట్లో ఉన్నవి ప్రధానంగా మూడు రకాలు. అచ్చు పోసిన ప్లాస్టిక్ పలకవి, అల్యూమినియం గొట్టం ఫ్రేములో షీటు బిగించినవి, పాత పద్ధతిలో కర్ర వంచి తోలు తీగలతోనో నైలాన్‌తోనో అల్లినవి.

తక్కువ బడ్జెట్‌లో నా ఓటు ప్లాస్టిక్ పలకకే. ఎమ్మెస్సార్ కంపెనీ ఈవో రకం దీనికి మంచి ఉదాహరణ. 22 అంగుళాల పలక, కింద పొడవునా స్టీలు పళ్ల వరుసలు. 82 కిలోల వరకు మోస్తుందని కంపెనీ చెబుతుంది. లోతు మంచుకు వెనక తోక ముక్క విడిగా కొని తగిలిస్తే 113 కిలోల దాకా పనికొస్తుంది. ఈ తోక పద్ధతి పైసలు మిగిల్చే ఏర్పాటు. మామూలు రోజుల్లో పొట్టి పలకతో హాయిగా నడవొచ్చు, లోతైన మంచు వచ్చినప్పుడు తోక తగిలించుకోవచ్చు. ఒక లోపం, గట్టి మంచు మీద టకటకమని చప్పుడు చేస్తాయి. ఇలాంటి మంచి కంపెనీ ప్లాస్టిక్ జత అమెరికాలో 150 నుంచి 200 డాలర్లు పలుకుతుంది, మన లెక్కలో పదమూడు వేల పైనే. ఇక్కడికి తెప్పించుకుంటే సుంకం, రవాణా అదనం. మూడు నాలుగేళ్లకోసారి హిమాలయాలకు పోయేవాళ్లు అంత పెట్టడం నాకు సమంజసంగా అనిపించదు.

అల్యూమినియం ఫ్రేమువి మెత్తటి లోతు మంచులో బాగుంటాయి, చప్పుడు తక్కువ. మంచి కంపెనీవైతే ధర ఎక్కువ. చవక రకాల్లో మాత్రం జాగ్రత్త పడాలి. ఆన్‌లైన్‌లో పేరు తెలియని కంపెనీల జతలు సగం ధరకు కనబడతాయి. వాటిలో ముందు పాడయ్యేది ఫ్రేము కాదు, కాలిని పట్టుకునే పట్టీ. ప్లాస్టిక్ బకిల్ చలికి పెళుసెక్కి విరిగిందంటే, కొండ మధ్యలో ఒక కాలికి స్నోషూ, ఒక కాలికి ఉత్త బూటుతో మిగులుతారు. అందుకే కొనేటప్పుడు పలక కన్నా పట్టీని ఎక్కువ సేపు చూడండి. చేతికి దళసరి గ్లవ్స్ వేసుకుని బిగించి విప్పి చూడండి. గ్లవ్స్‌తో చేయలేకపోతే ఆ పట్టీ మంచులో పనికిరాదు. తాళ్లు, జిప్పులున్న పట్టీల కన్నా రంధ్రాలున్న రబ్బరు పట్టీలు మంచివి, వాటికి గడ్డకట్టే గుణం తక్కువ.

సైజు విషయంలో మనవాళ్లు పెద్దది తీసుకుంటే పడి ఉంటుంది కదా అనుకుంటారు. అది తప్పు. కాలికి కట్టిన ప్రతి కిలో వీపున మోసే నాలుగైదు కిలోలతో సమానంగా అలసట తెస్తుంది. పైగా పెద్ద పలకలు ఒకదాన్నొకటి తొక్కుకుని పడేస్తాయి. మీ ఒంటి బరువుకు సంచి, బట్టల బరువు కలిపి లెక్క వేసి, ఆ బరువును మోయగల వాటిలో అన్నిటికన్నా చిన్నది ఎంచుకోండి. ఆడవాళ్లు, పొట్టిగా ఉన్నవాళ్లు సన్నటి ఫ్రేము చూసుకోవాలి, లేకపోతే కాళ్లు ఎడంగా వేసి నడవాల్సి వచ్చి తుంటి నొప్పి పుడుతుంది. కొండ ఎక్కే పని ఉంటే మడమ కింద లేపి నిలబెట్టే తీగ ఉన్నది తీసుకోవచ్చు, పిక్కలకు చాలా ఉపశమనం. చదును నేలకు అది దండగ.

పాతవి కొనడం మంచి మార్గం. కింద పళ్లు అరిగి గుండ్రబడ్డాయా, రివెట్లు వదులయ్యాయా, రబ్బరు పట్టీని వంచితే పగుళ్లు కనబడుతున్నాయా చూడండి. పట్టీలు మార్చుకోవచ్చు, పళ్లు మార్చడం కష్టం. పాత కర్రవి దొరికితే అల్లిక బిగువుగా ఉందా, ఎలుకలు కొరికాయా అని పరీక్షించండి.

వెదురుతో కట్టుకుంటే

ఇక నాకు ఇష్టమైన భాగం. ఇటలీ, ఆస్ట్రియా సరిహద్దులో 3,134 మీటర్ల ఎత్తున ఒక హిమానీనదంలో 2003లో ఒక స్నోషూ బయటపడింది. బర్చ్ కర్రను గుండ్రంగా వంచి తాళ్లు కట్టినది. పరీక్షిస్తే అది క్రీస్తుపూర్వం 3800-3700 మధ్యదని తేలింది. అంటే దాదాపు 5,800 ఏళ్ల కిందే మనుషులు చేతికి దొరికిన కర్రతో ఈ పని చేసుకున్నారు. ఉత్తర అమెరికా ఆదివాసులు యాష్ అనే చెట్టు కర్రను ఆవిరి మీద వంచి పచ్చి తోలు తీగలతో అల్లారు. జపాన్‌లో కొమ్మలు, వెదురు వంచి కంజికి అనే చిన్న స్నోషూలు కట్టుకున్నారు. వెదురు వంచడంలో మన మేదరుల చెయ్యి ఎవరికీ తీసిపోదు. ఏటూరునాగారం, ములుగు అడవుల్లో, ఆదిలాబాద్ వైపు వెదురు పెరుగుతుంది. కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు ఆ అడవుల వెదురు మీదే ఎదిగింది.

తీసుకోవలసింది లాఠీకర్రలకు వాడే గట్టి వెదురు, లోపల బోలు తక్కువగా ఉండేది. బాగా బోలుగా ఉండే ముళ్ల వెదురు బుట్టలకు బాగుంటుంది కానీ ఈ ఫ్రేముకు అంత ఆగదు. పచ్చిగా కొట్టిన వెదురుకు పురుగు త్వరగా పడుతుంది కాబట్టి కొన్నాళ్లు నీళ్లలో నానబెట్టి నీడలో ఆరబెట్టినది అడగండి. గంపలు, చాటలు అల్లే మేదరి దగ్గరికి వెళ్లి, ఆరున్నర అడుగుల పొడవు, అంగుళం వెడల్పు, 8 నుంచి 10 మిల్లీమీటర్ల మందంతో బద్దలు చీల్చి ఇమ్మనండి. జతకు రెండు చాలు కానీ వంచేటప్పుడు ఒకటి విరిగే అవకాశం ఉంది, నాలుగు తీసుకోండి. కూలి దగ్గర బేరం ఆడొద్దు. ప్లాస్టిక్ గంపలు వచ్చాక ఆ పని మీద బతకడం వాళ్లకు ఎంత కష్టంగా ఉందో మనకు తెలుసు. వీలైతే వంచే పని కూడా వాళ్లతోనే చేయించండి, మీరు పక్కన కూర్చుని నేర్చుకోండి.

వంచేటప్పుడు పచ్చటి పైతోలు వంపుకు బయటి వైపు ఉండాలి. లోపలి వైపు కణుపులను కత్తితో చదును చేయాలి. తడి గుడ్డతో తుడుస్తూ నిప్పుల సెగ మీద మెల్లగా తిప్పుతుంటే బద్ద మెత్తబడుతుంది. తొందరపడితే కణుపు దగ్గర చిట్లుతుంది. చెక్క మీద మేకులు కొట్టి 70 సెంటీమీటర్ల పొడవు, 25 సెంటీమీటర్ల వెడల్పుతో నీటిబొట్టు ఆకారం గీసుకుని, బద్దను ఆ మేకుల చుట్టూ తిప్పి రెండు కొసలు వెనక కలిపి కట్టి, రెండు రోజులు అలాగే వదిలేయండి. ముందు కొసను కాస్త పైకి లేపి ఆరబెడితే మంచులో గుచ్చుకోదు.

ఫ్రేముకు అడ్డంగా రెండు వెదురు పట్టెలు కావాలి, ఒకటి ముందు కొసకు 20 సెంటీమీటర్ల దూరంలో, రెండోది తోకకు అంతే దూరంలో. వీటిని బిగించడానికి మేకు కొట్టొద్దు, రంధ్రం చేయొద్దు. రంధ్రం పడిన చోటే వెదురు చీలుతుంది. చిన్న గాటు పెట్టి దారంతో గట్టిగా చుట్టి కట్టండి. ముందు పట్టెకు 10, 12 సెంటీమీటర్లు వెనకగా ఒక దళసరి తాడు అడ్డంగా కట్టాలి. పాదం ముందు భాగం, అంటే వేళ్ల కింద ఉబ్బెత్తుగా ఉండే చోటు, సరిగ్గా దీని మీద ఆనాలి. ఈ తాడుకూ ముందు పట్టెకూ మధ్య ఖాళీ వదిలేయండి, అల్లొద్దు. అడుగు ఎత్తినప్పుడు బూటు ముందు కొస ఆ ఖాళీలోంచి కిందికి దిగాలి, మడమ పైకి లేవాలి, తోక మంచు మీద ఈడ్చుకుంటూ రావాలి. స్నోషూ నడకలో కీలకమంతా ఇక్కడే ఉంది. చేతితో ఆ తాడు దగ్గర పట్టుకుని లేపి చూడండి, తోక కిందికి, ముక్కు పైకి వాలితే తూకం కుదిరినట్టు.

మిగతా జాగాను మంచం అల్లే చేయి ఉన్నవాళ్లతో అల్లించండి. నూలు నవారు వద్దే వద్దు, నీళ్లు పీల్చి గడ్డకట్టి బరువెక్కుతుంది. నైలాన్ తడిస్తే సాగుతుంది. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే పాలీప్రొపిలీన్ తాడు నీళ్లు పీల్చదు, అది మేలు. ముడులు జారే గుణముంది కాబట్టి కొసలు నిప్పుతో కరిగించి అతికించండి. కన్నాలు రెండు వేళ్లు పట్టేంతకు మించొద్దు. చివర్న వెదురుకంతటికీ రెండు పూతలు వార్నిష్ వేయండి.

కాలికి పట్టీగా పంక్చర్ షాపులో దొరికే పాత లారీ ట్యూబు అద్భుతంగా పనికొస్తుంది. అమెరికా, కెనడాల్లో కర్ర స్నోషూలు వాడేవాళ్లు కూడా ఎన్నో ఏళ్లుగా ట్యూబు రబ్బరునే వాడుతున్నారు. గడ్డకట్టే చలిలోనూ అది సాగుతుంది, బకిల్ గొడవ లేదు. ఒక భాగం బూటు ముందు భాగాన్ని, ఇంకో భాగం మడమ వెనకను పట్టుకునేలా కత్తిరించి అడ్డతాడుకు కట్టుకోవాలి. అన్నీ కలిపినా, కూలి పోను, వెయ్యి రూపాయలు దాటదు.

కొంతమంది ప్లంబింగ్ పైపుతో కట్టుకోవాలని చూస్తారు. ఇంటి నీళ్లకు వాడే తెల్ల పీవీసీ పైపు చలికి పెళుసవుతుంది, దెబ్బ తగిలితే పగులుతుంది. బోరుబావులకు వాడే నల్ల హెచ్‌డీపీఈ పైపు చలిని బాగా తట్టుకుంటుంది, ఫ్రేము చేయాలంటే దాన్నే వాడండి. వేడినీళ్లు పోస్తూ వంచొచ్చు. కాకపోతే ఊగుతుంది, మధ్యలో రెండు గట్టి అడ్డపట్టెలు లేకపోతే నిలవదు. ప్లైవుడ్ పలక కోసి చేయడం అన్నిటికన్నా సులువు. ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న, నీళ్లను తట్టుకునే మెరైన్ ప్లై 9 మిల్లీమీటర్లది వాడితే ఒక్కోటి 750 గ్రాముల లోపే వస్తుంది. మంచు పైన పేరుకుపోవడం, కింద స్కీలాగా జారడం దాని లోపాలు. పెరటి మంచులో పిల్లలు ఆడుకోవడానికి సరే. నా లెక్కలో వెదురే ముందు.

కట్టాక పరీక్ష

మన దగ్గర మంచు లేదు. ఆదిలాబాద్ వైపు సిర్పూర్ యులో చలి 10 డిగ్రీల లోపుకు పడినా అది మంచు కురిసే చలి కాదు. అయినా చేయగలిగిన పరీక్షలున్నాయి. ముక్కు కింద ఒక ఇటుక, తోక కింద ఒక ఇటుక పెట్టి సంచి వీపున వేసుకుని మధ్యలో నిలబడండి. మంచులో రెండు గడ్డల మధ్య కాలు పడితే జరిగేది ఇదే. ఫ్రేము వంగి తిరిగి లేస్తే సరే, చిటపట చప్పుడొస్తే ఇంకో బద్ద జోడించి కట్టండి. పట్టీని, అల్లిన తాడు ముక్కను తడిపి ఒక రాత్రి ఫ్రిజ్ ఫ్రీజర్‌లో పెట్టండి. అక్కడ మైనస్ 18 డిగ్రీలు ఉంటుంది. తెల్లారి తీసి గ్లవ్స్‌తో బిగించి చూస్తే దాని సంగతి తేలిపోతుంది. ఇక నడక కోసం ఎండిన గోదావరి ఇసుక, కరీంనగర్ వాళ్లకైతే మానేరు ఇసుక ఉంది. ఇసుక మంచు కన్నా ఎన్నో రెట్లు బరువు కాబట్టి దిగబడటం గురించి అక్కడ ఏమీ తెలియదు. పట్టీ జారుతోందా, ముడులు వదులవుతున్నాయా, కాలు కాలికి తగులుతోందా అన్నది మాత్రం స్పష్టంగా తెలుస్తుంది.

ఈ వెదురు జత ఎక్కడ వాడొచ్చంటే, గుల్మార్గ్ మైదానం లాంటి చదునైన మంచు మీద, ఊరి దగ్గర, తోడు ఉన్నప్పుడు. కింద పళ్లు లేవు కాబట్టి ఏటవాలు మీద జారుతుంది. అల్యూమినియం కిటికీల షాపులో మిగిలిన ఎల్ ఆకారపు ముక్కలకు పళ్లు కోసి పాదం కింద కట్టుకోవచ్చు. కానీ దాన్ని నమ్ముకుని కొండ ఎక్కొద్దు. సాంక్రి వైపు వెళ్తే అక్కడి చెట్ల కొమ్మలు నరికి కట్టుకుందామని కూడా అనుకోవద్దు, అది గోవింద్ జాతీయ పార్కు అడవి.

ఏ రకమైనా సరే, స్నోషూ అవలాంచ్ నుంచి, అంటే కొండవాలు మీది మంచు ఒక్కసారిగా జారి మీద పడటం నుంచి, కాపాడదు. 30 నుంచి 45 డిగ్రీల ఏటవాలు మీద కొత్తగా బరువైన మంచు పడ్డప్పుడు కొండచరియలా జారే ప్రమాదం ఎక్కువ. స్నోషూ ఉందన్న ధైర్యంతో బాట వదిలి అలాంటి వాలు కిందికి పోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. కొండల్లో మంచు హెచ్చరికలను రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవోకు చెందిన డీజీఆర్‌ఈ అనే ప్రయోగశాల విడుదల చేస్తుంది. వాటిని చూడండి, గైడ్ వద్దంటే ఆగిపోండి. సరిగ్గా నేర్చుకోవాలంటే ఉత్తరకాశీ నిమ్, డార్జిలింగ్ హెచ్.ఎం.ఐ. లాంటి పర్వతారోహణ శిక్షణ సంస్థల్లో కోర్సు చేయడం సామాను కొనడం కన్నా ఎన్నో రెట్లు విలువైనది.

ఇంకో మాట కూడా చెప్పాలి. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆమె సాధన మొదలైంది భువనగిరి రాతిగుట్ట మీద. స్నోషూతో నడిస్తే తొడలు, తుంటి కండరాల మీద మామూలు నడక కన్నా చాలా ఎక్కువ భారం పడుతుంది. వెళ్లే ముందు రెండు నెలలు హనుమకొండ పద్మాక్షి గుట్టో, మీ ఊరి గుట్టో సంచి వేసుకుని ఎక్కి దిగండి. దానికి పైసా ఖర్చు లేదు.

చేతికర్రలు రెండూ ఉండాలి. కొస దగ్గర వెడల్పాటి చక్రం లేకపోతే కర్ర మంచులో పూర్తిగా దిగిపోతుంది. సన్నటి వెదురు కర్రకు కింద అరచేయంత రబ్బరు చక్రం బిగించి సొంతంగా చేసుకోవచ్చు. ఒకప్పుడు స్కీయింగ్ కర్రలు కూడా వెదురువే.

చివరగా కొనే కాలం గురించి. హిమాలయాలకు వెళ్లేవాళ్లు వెదురు జత కట్టించుకోవాలంటే మేదరితో అక్టోబర్‌లోనే మాట్లాడుకోండి, నానబెట్టి ఆరబెట్టడానికి సమయం కావాలి. అమెరికాలో ఉన్నవాళ్లు నవంబర్‌లో తొందరపడొద్దు. మొదటి శీతాకాలం అద్దెకో, లైబ్రరీవో వాడుకుని, ఫిబ్రవరి ఆఖరు నుంచి మార్చిలోపు షాపులు శీతాకాలపు సామాను తగ్గింపు ధరకు వదిలించుకునేటప్పుడు కొనండి. చదువు ముగించి వెచ్చటి రాష్ట్రాలకు ఉద్యోగాలకు వెళ్లే సీనియర్లు మే నెలలో తమ జతలు అమ్మేస్తారు, వాళ్లను ముందే అడిగి పెట్టుకుంటే ఇంకా చవకగా వస్తుంది.